పెట్టెలో మారిన అవ్వ

పెట్టె మూత తీయగానే జ్యూరీ గదిలో మాట ఆగిపోయింది.

లోపల ఉన్నది సుబ్బమ్మ కాదు.

జానెడు ఎత్తు బొమ్మ. తల నెరిసిన అవ్వ. నీలం చీర. అంతవరకూ సరే. కానీ తెర మీద మగ్గం నేస్తూ అందరినీ నవ్వించి ఏడిపించిన ముఖం ఇది కాదు. చెయ్యి కదపబోతే మోచేతి దగ్గర పుటుక్కున విరిగింది.

తిరుత్తణి కొండ కింద కల్యాణ మండపంలో అంతర్జాతీయ యానిమేషన్ ఫిల్మ్ ఫెస్టివల్ అది. సాయంత్రం ఆరింటికి అవార్డులు. కంప్యూటర్‌కి నాలుగు మాటలు చెబితే సినిమా తయారైపోయే కాలం కాబట్టి ఈసారి కొత్త రూలు పెట్టారు. బొమ్మలతో తీసిన సినిమా అయితే ఆ బొమ్మను జ్యూరీకి చూపించాలి. చూపించలేకపోతే పోటీలోంచి అవుట్.

"అయితే ఇది కంప్యూటర్ చేసిన సినిమానా?" జ్యూరీ అధ్యక్షురాలు ఇంగ్లీషులో అడిగింది. ఆమె బెల్జియం నుంచి వచ్చింది.

సినిమా తీసిన యశశ్విని తల అడ్డంగా ఊపింది. పళ్ళిపట్టులో నేతగాళ్ళ ఇంటి పిల్ల. చనిపోయిన తన అవ్వ సుబ్బమ్మనే బొమ్మగా చేసి, ఇసుమంత కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి ఇంకో ఫోటో, అలా మూడేళ్ళు తీసిన సినిమా. సాయంత్రం లోపల అసలు బొమ్మ దొరక్కపోతే ప్రైజు పోవడం ఒక్కటే కాదు. మోసగత్తె అన్న పేరు జన్మంతా వెంట వస్తుంది.

పోలీసులకు ఫోన్ వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ కన్నియమ్మ మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసి వచ్చింది. ఆ చిరాకు ముఖంలో దాచుకోలేదు. పేరు తమిళం, ఇంట్లో మాట తెలుగు. ఆ సరిహద్దు ఊళ్ళలో అది మామూలే.

జ్యూరీకి తెచ్చేముందు పెట్టె ఉంచిన గది చూసింది. తాళం పగల్లేదు. కిటికీ కమ్మీలు గట్టిగా ఉన్నాయి. తాళం చెవి మండపం వాచ్‌మన్ ఏసు దగ్గర ఉంటుంది. పొద్దున్నుంచి ఎవరెవరికి తలుపు తీశావని అడిగితే ముగ్గురి పేర్లు చెప్పాడు. యశశ్విని. సామాన్లు మోయడానికి తోడొచ్చిన ఆమె అక్క మోక్షిత. ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటానని వచ్చిన అరవిందన్.

అరవిందన్ అదే అవార్డుకి పోటీలో ఉన్న చెన్నై కుర్రాడు. అందరి చూపూ అతని మీదికే తిరిగింది. అతను చెమటలు కక్కుతూ, పెట్టె ముట్టుకోలేదని పదిసార్లు చెప్పాడు. సంచీ సోదా చేశారు. లాప్‌టాప్, రెండు చొక్కాలు, మిక్చర్ పొట్లం. అంతే.

కన్నియమ్మ యశశ్విని ఎదురుగా కూర్చుంది.

"అసలు బొమ్మ ఎవురు చేసినారు?"

"నేనే మేడమ్."

"కదిపింది?"

"నేనే."

"చీరలు కట్టింది?"

"అంతా నేనే మేడమ్. నా బొమ్మని ఇంకొకరు తాకలేదు."

పక్క కుర్చీలో మోక్షిత ఒళ్ళో టిఫిన్ బుట్ట పెట్టుకుని నేల చూస్తోంది.

కన్నియమ్మ దొంగబొమ్మను చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. చీర విప్పింది. నడుము దగ్గర లోపలికి దోపిన చెరగు మూలన చిన్న పసుపు మరక ఉంది.

"ఇదేమి పాపా?"

"రంగేదో అంటుకొని ఉంటాది."

సినిమా పెట్టమంది కన్నియమ్మ. కథలో అవ్వ మూడు చీరలు మారుస్తుంది. అవ్వ చీర విప్పుకునే చోటల్లా ఆపించి, పెద్దది చేయించి చూసింది. మూడింటికీ మూలన అదే పసుపు.

"ఇది?"

"లైటింగ్ మేడమ్," అంది యశశ్విని. కొంచెం విసుగ్గానే అంది.

కన్నియమ్మ లేచింది. అందరినీ జ్యూరీ గదిలోకి పిలవమంది. జ్యూరీలో ఉన్న మురళీధరన్ అధ్యక్షురాలి పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతున్నాడు.

"మన ఇండ్లల్లో కొత్త చీరకి మూల పసుపు పెట్టకుండా ఎవురైనా కడతారా?" కన్నియమ్మ యశశ్వినిని అడిగింది.

"కట్టరు. కానీ బొమ్మకి ఎవురు పెడతారు మేడమ్?"

"నేనూ అదే అడగతా ఉండా."



కన్నియమ్మ నిదానంగా విప్పి చెప్పింది. పోటీలో గెలవడానికి బొమ్మ మార్చేవాడికి అది ఉత్త బొమ్మ. గుడ్డ చుట్టి పెట్టెలో పడేస్తాడు. పసుపు పెట్టడు. పెట్టిన మనిషికి అది బొమ్మ కాదు, అవ్వ. దొంగతనానికి చేసిన నకిలీ అవ్వకి కూడా పసుపు పెట్టకుండా కొత్త చీర కట్టడానికి ఆ చేతులు ఒప్పుకోలేదు. సినిమాలో మూడు చీరలు కట్టినవీ ఆ చేతులే. అన్నీ తానే చేశానన్న యశశ్వినికి మాత్రం ఆ పసుపు సంగతే తెలియదు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బుట్ట తెరమ్మా మోక్షితా."

మోక్షిత తెరిచింది. పెరుగన్నం డబ్బా కింద, తువ్వాలులో చుట్టి, సుబ్బమ్మ.

"నువ్వా అక్కా?" అంది యశశ్విని. "ఎవురు చేసినా ఓర్చుకుందును. నువ్వు నా గొంతు కోస్తావా?"

మోక్షిత తల ఎత్తింది.

"కథ నీదే. కాదనలా. నువ్వు ఫోటో తీసినావు. అవ్వ చెయ్యి, కన్ను, నడక కదిపింది నేను. పోయిన వారం ఇంట్లో సినిమా వేసి చూపించినావు. కడాకు పేర్లు పడినాయి. నా పేరు యాడా లేదు. అడిగితే ఏమన్నావు? ఒక్క పేరుంటేనే జ్యూరీకి గుర్తుంటాదన్నావు."

మురళీధరన్ చెప్పడం పూర్తి చేశాడు. అధ్యక్షురాలు సుబ్బమ్మను అందుకుని వేళ్ళు కదిపి చూసింది. బొమ్మ నిజమైనదే. రూలు ప్రకారం సినిమా పోటీలో ఉన్నట్టే. కానీ ఉత్తమ యానిమేటర్ అవార్డు బొమ్మను కదిపిన మనిషిది. ఆమె యశశ్విని కళ్ళలోకి చూస్తూ అడిగింది. కదిపింది ఎవరు?

యశశ్విని అక్కవైపు చూసింది. మోక్షిత కళ్ళలో ఇంకా కొంచెం ఆశ ఉంది. 

"నేనే," అంది యశశ్విని ఇంగ్లీషులో. "అక్క చీరలు మాత్రం కట్టింది."

మోక్షితకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు.

కన్నియమ్మకి ఒళ్ళు మండిపోయింది. సాక్ష్యం లేదు. మూడేళ్ళు సినిమా తీసిన గదిలో ఉన్నది ఇద్దరే.

"కంప్లయింట్ ఇస్తావా?" అని అడిగింది.

"వద్దు మేడమ్. ఇంటి సంగతి," యశశ్విని కళ్ళు తుడుచుకుంది. "అక్కని పళ్ళిపట్టు బస్సెక్కించండి, చాలు."

"నేను బస్సెక్కను," అంది మోక్షిత. అరవలేదు. బుట్ట కింద పెట్టి కన్నియమ్మ ముందుకొచ్చింది. "కేసు రాయండి మేడమ్. బొమ్మ తీసింది నేనేనని ఒప్పుకుంటా ఉండా. కోర్టులో అడగతారు గదా, ఆ బొమ్మ ఎవురిదని, కదిపిందెవురని. అప్పుడు నా చెల్లి ఏమి చెప్తాదో వినాల."

బయట మైకు టెస్టింగ్ మొదలైంది.  కన్నియమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని కాగితం తీసింది.

"పేరు చెప్పమ్మా."

"మోక్షిత. అవ్వ పేరు కూడా కలిపి రాయండి. సుబ్బమ్మ మనవరాలు."