పది గీతల కాగితం

వంటగది తలుపుకు అంటించిన కాగితంపై ఆ ఉదయం కూడా పది గీతలు ఉన్నాయి. కడుపులోని బిడ్డ కదిలినప్పుడల్లా ఒక గీత గీయాలనీ, రెండు గంటల్లో పది కాకపోతే వెంటనే రావాలనీ డాక్టరు చెప్పి పంపింది. నెలలు నిండిన కోడలు ఆ పనిని నియమంగా చేస్తూ వస్తున్నది.

"నీ క్రమశిక్షణంతా నీ మనవడికే వచ్చిందమ్మా. రోజూ పదికి పదీ!" అన్నాడు కొడుకు, చెప్పులు వేసుకుంటూ.

"మనవడో, మనవరాలో! ముందు నువ్వు బస్సు అందుకో. నీకు పదికి ఒకటి కూడా రాదు," అంది తల్లి.

ఆమె ప్రసూతి వార్డులో ముప్పయి రెండేళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వీధి వీధంతా సిస్టరమ్మ అనే పిలుస్తుంది. కోత లేకుండా తన చేతుల మీదుగా జరిగిన కాన్పుల గురించి చెప్పడం ఆమెకు అమితమైన ఇష్టం. వినేవారికి విసుగు పుట్టేది. కోడలు మాత్రం తల వంచుకుని వినేది.

కొడుకు వెళ్లాక సిస్టరమ్మ ఆ కాగితం ముందు ఆగిపోయింది. మొన్నటి గీతలు వంకరటింకరగా ఉన్నాయి; ఒకటి తడిచేత్తో గీసినట్టు అలుక్కుపోయింది. నేటివి పదీ ఒకే ఎత్తున, ఒకే ఒత్తిడితో నిలబడి ఉన్నాయి. నిన్నటివీ అంతే. డ్యూటీ దిగే ముందు ఒక్కసారిగా నింపేసిన చార్టులను ఆమె ఎన్నో చూసింది. గబగబా గదిలోకి నడిచింది.

అక్కడ కోడలు చిన్న చిన్న చొక్కాలు మడతపెడుతోంది. మడిచినవే విప్పి మళ్లీ మడుస్తోంది.

"ఈ గీతలు ఎప్పుడు గీశావు?"

"పొద్దున్నే, అత్తయ్యా."

"నా ముఖం చూసి చెప్పు. ఎన్నిసార్లు కదిలింది?"

"నిద్రపోతోందేమో. నెలలు నిండాక అంతగా కదలరని మా పిన్ని..."

"మీ పిన్ని సంగతి తర్వాత. ఎన్నిసార్లు?"

"నిన్న నాలుగు. ఇవాళ... రెండు."

సిస్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"ఎందుకు దాచావే?"

"చెబితే కోసేస్తారుగా! ఇప్పటి పిల్లలు నొప్పికి జడిసి పొట్ట కోయించుకుంటున్నారని ఎవరొచ్చినా మీరు అదే మాట. ఎదురింటి అమ్మాయికి ఆపరేషనైతే నెల్లాళ్లు నవ్వారు. నాకు మొదటినుంచీ నొప్పులంటే వణుకు అత్తయ్యా. ఆపరేషనే కావాలని ఈ ఇంట్లో నోరు తెరిచి అనగలనా? కదలికలు తగ్గాయన్నా, అదొక సాకనుకుంటారు."

సిస్టరమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఎన్నడూ ఎవరికీ చెప్పని కాన్పు ఒకటుంది. ఆపరేషన్ చేయించమని చేతులు పట్టుకుని బతిమాలిన ఒక అమ్మాయిని ఓర్చుకోమని ఆమె కసిరింది. డాక్టరును పిలవడంలో ఆలస్యం చేసింది. ఆ తల్లి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లింది. ఇన్నేళ్లూ దిగమింగుకున్న ఆ సంగతిని ఇప్పుడు, ఆసుపత్రి సంచి అందుకుంటూ, కోడలికి చెప్పింది.

"లే తల్లీ. బండి ఎక్కాక ఇద్దరం ఏడుద్దాం."

ఆసుపత్రిలో యంత్రం బిడ్డ గుండె చప్పుడును వినిపించింది. అది పరుగెత్తుతూ పరుగెత్తుతూ మందగించేది. కాసేపటికి మళ్లీ తేరుకునేది.

"నొప్పులు తెప్పించి చూడొచ్చు. బిడ్డ తట్టుకుంటుందో లేదో చెప్పలేను. ఆపరేషనైతే ఇప్పుడే చేస్తాను," అంటూ డాక్టరు, ఒకప్పుడు తనతో పనిచేసిన సిస్టరమ్మ వైపు పాత అలవాటు కొద్దీ తిరిగింది. "ఏం చేద్దాం సిస్టర్?"

"నన్ను కాదు డాక్టరుగారూ. మా అమ్మాయిని అడగండి."

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. అక్కడ అవునని గాని, కాదని గాని లేదు. తడి మాత్రం ఉంది.

"ఆపరేషన్ చేసెయ్యండి," అంది.

తలుపులు మూసుకున్నాయి. బయట బల్ల మీద కూర్చున్న సిస్టరమ్మకు, తాను కసిరిన ఆ అమ్మాయి పక్కనే వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. చాలాసేపటికి లోపలినుంచి సన్నటి ఏడుపు వినిపించింది. నర్సు గుడ్డలో చుట్టిన ఆడపిల్లను చూపించి, తల్లి బాగుందని చెప్పింది.

కబురందిన కొడుకు అప్పుడే ఫోన్ చేశాడు.

"అమ్మా! నార్మలా, ఆపరేషనా?"

ఎన్ని ఇళ్ల గుమ్మాల్లో నిలబడి ఆమె అదే ప్రశ్న అడిగిందో!

"ఇద్దరూ ఉన్నారురా," అని మాత్రం అంది.