పికప్ ముక్కుగొట్టం

గాలి మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. పంక్చర్లతో మొదలుపెట్టి ఇంజన్ల దాకా ఎగబాకిన మనిషి. "నా కాలేజీ ఫోన్‌లో వీడియోలు, నా మాస్టార్లు చెడిపోయిన బళ్లు" అని తన మీద తనే జోకు వేసుకుని, ఎదుటివాడికంటే ముందు తనే నవ్వేవాడు. షెడ్డు వెనక రెండు గదుల్లో అతనూ, వాళ్లక్కా ఉండేవాళ్లు.

మూడు రోజులుగా ఒకటే వాన. ఆ మధ్యాహ్నం మూడింటికే షెడ్డులో లైటు వేయాల్సి వచ్చింది. తడిసిన రబ్బరు, డీజిలు, ముక్కిన గోనెపట్టాల వాసన. రేకుల మీద వాన చప్పుడు. ఆ చప్పుడు సందుల్లోంచి, లోపలి గదిలో అక్క ఊపిరి... సన్నటి కూత.

అక్కకు ఉబ్బసం కొత్త కాదు. కానీ పీల్చే మందు పొద్దున్నే అయిపోయింది. ఆసుపత్రి వాగు అవతల ఉంది. వాగు మీది చప్టా నడుంలోతు నీళ్లలో మునిగింది. ఆంబులెన్సు వాళ్లకు ఫోన్ చేస్తే, "నీళ్లు తగ్గాక వస్తాం" అన్నారు. అప్పటిదాకా అక్క ఉండాలి కదా!

మిగిలింది తన టర్బో డీజిల్ పికప్ ఒక్కటే. అది గాలి పీల్చే చోటు బానెట్ కింద ఉంది, నీళ్లకు సులువుగా అందేంత ఎత్తులో. ఇంజన్ ఒక్క గుక్క నీళ్లు మింగిందంటే ఇక అంతే. అందుకే దానికి ముక్కుగొట్టం కావాలి. ఫిల్టరు డబ్బా నుంచి బయలుదేరి, మడ్‌గార్డు చిల్లిలోంచి బయటికొచ్చి, డ్రైవరు కిటికీ పక్కగా పైకప్పు దాకా లేచే లావుపాటి నల్ల గొట్టం. అలాంటిది స్క్రాపు కొట్టులో కొని నెల్లాళ్లుగా మూలన పడేశాడు.

పడేయడానికి కారణం స్క్రాపు కొట్టాయన చెప్పిన మాట. "నదిలోంచి తీసిన బండిది మేస్త్రీ. తలుపులు తెరుచుకోలేదట. డ్యాష్‌బోర్డు చీల్చి ఎలా లాగాడో ఏమో, ఈ గొట్టం కింది కొస నోట్లో పెట్టుకునే ఉన్నాడట డ్రైవరు."

కొసన నిజంగానే పళ్ల గాట్లున్నాయి. మేస్త్రి హాక్సా బ్లేడుతో ఆ రెండంగుళాలూ కోసి అవతల పారేశాడు. "సైజు కూడా అతికినట్టు సరిపోయింది. ఇంజనీర్లు నా కాళ్లకు మొక్కాలి" అని గొణుక్కున్నాడు.

క్లాంపులు బిగించాడు. అతుకులకు గమ్ము పూశాడు. స్టార్ట్ చేశాడు. ఇక ఒక్క పరీక్ష. గొట్టం మూతిని అరచేత్తో మూస్తే, గాలందక ఇంజన్ ఆగిపోవాలి. ఆగిందంటే ఎక్కడా కన్నం లేనట్టు.

మూశాడు.

ఇంజన్ ఆగలేదు. ఇంకాస్త హుషారుగా తిరిగింది. లోపలి గదిలో అక్క కూత టక్కున ఆగిపోయింది.

చెయ్యి తీశాడు. కూత మళ్లీ మొదలైంది.

"ఎక్కడో లీకుంది" అనుకున్నాడు. వెతికే టైము లేదు. అక్కను చేతుల మీద తెచ్చి పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

"ఏమిట్రా... బండికి... ఈ తొండం?"

"మనింట్లో ఒక్కరికైనా ముక్కు సరిగా పనిచెయ్యాలి కదక్కా."

"నీ చేతిపనంటే... భయంరా నాకు."

"నాకూ భయమే. మాట్లాడకు."

చప్టా మీదికి దిగారు. నీళ్లు బంపర్ దాటాయి, బానెట్ ఎక్కాయి. కిటికీ పక్కన, సరిగ్గా అతని చెవి దగ్గర, గొట్టం గాలి లాగుతోంది. పొడుగ్గా, ఆబగా... ఇక్కడ కాలు తీయకూడదు. తీస్తే బండి ఆగుతుంది. ఆగితే వాగు తీసుకెళ్లిపోతుంది.

యాక్సిలరేటర్ తొక్కాడు. అక్క బిగుసుకుపోయింది. నోరు తెరుచుకునే ఉంది, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు.

భయపడి కాలు సడలించాడు. అక్క ఒక్కసారిగా గాలి పీల్చింది. ఇంజన్ కుంగింది. బండి వెనకభాగం పక్కకు జారింది.

మళ్లీ తొక్కాడు. అక్క పెదాలు నీలంగా మారాయి.

అప్పుడర్థమైంది... గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో.

"అక్కా... పీల్చు..."

ఆమె తల అడ్డంగా ఊపింది. గోళ్లు అతని మోచేతిలో దిగాయి.

గొట్టంలోంచి, తడి గొంతుతో, ఎవరో గుసగుసగా... "ఇంకొంచెం..."

తొక్కితే అక్క పోతుంది. వదిలితే ఇద్దరూ పోతారు. "ఇంకొంచెం... ఇంకొంచెం..."

మేస్త్రి కిటికీ అద్దం దించాడు. వాన ముఖాన కొట్టింది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, తల బయటపెట్టి, గొట్టం మూతికి నోరు ఆనించాడు.

"అక్కను వదిలెయ్. నాది తీసుకో."

లాగింది. పొట్టలోంచి, పాదాల్లోంచి లాగింది. కళ్లు చీకట్లు కమ్మాయి. ఇంజన్ ఒక్క అరుపు అరిచి బండిని అవతలి గట్టు ఎక్కించేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్క వీపు మీద స్టెతస్కోపు రెండుసార్లు పెట్టి చూసింది. "ఇరవయ్యేళ్ల పిల్లకున్నట్టున్నాయి ఊపిరితిత్తులు. అసలెందుకొచ్చారు?"

"మా తమ్ముడి డ్రైవింగు చూసి నా రోగం దడుచుకుని పారిపోయిందండీ" అంది అక్క. కూత లేదు, ఆయాసం లేదు. డాక్టరమ్మ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మేస్త్రి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. కింద ఆవరణలో పికప్. ఇంజన్ ఆపే ఉంది. తలుపులకు తాళం వేసే ఉంది. తాళంచెవి జేబులోనే ఉంది.

డ్రైవరు వైపు అద్దానికి లోపలినుంచి ఆవిరి పట్టింది. అరచేయంత మేర. కరిగిపోయింది. మళ్లీ పట్టింది.

చూస్తూ చూస్తూ గమనించాడు. ఆవిరి తన ఊపిరి లయలోనే పడుతోంది. పరీక్షిద్దామని ఊపిరి బిగపట్టాడు. అద్దం తేటపడింది. పది లెక్కపెట్టి పీల్చబోయాడు.

రాలేదు.

ఛాతీ ఎగబీల్చాడు. రాలేదు. కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. కింద అద్దం మీద ఆవిరి కమ్మాక... అప్పుడు వచ్చింది, అతని ఛాతీలోకి గాలి.

రెండో వైపు అద్దం, అక్క కూర్చున్న వైపుది, దానికీ ఆవిరి పట్టింది. చిన్నగా. కరిగిపోయింది.

"ఒరేయ్, ఇంక ఇంటికి పోదాం" అంది అక్క వెనకనుంచి హుషారుగా. "వాన తగ్గిందేమో చూడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, నాకసలు ఎంత ఆక..."

మాట మధ్యలో ఆగిపోయింది.

మేస్త్రి వెనక్కి తిరగలేదు. అక్క వైపు అద్దాన్నే చూస్తున్నాడు. చువ్వలు పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ఆ అద్దం ఇంకా తేటగానే ఉంది...