ఎవరికీ అక్కర్లేని జానెడు

"కోర్టు సర్వేయర్ గెర్షోన్ ఆదివారం కొండ కొలుస్తాడు," అన్నాడు చీఫ్. "ఒక విదేశీ ముఠా శనివారమే అతన్ని లేపేయాలని చూస్తోంది. అతను చస్తే కొండ మీద ఇళ్ళు కట్టుకున్న యూదు సెటిల్మెంట్ వాళ్ళు కింది అరబ్బు ఊరోళ్ళ మీద పడతారు, ఊరోళ్ళు వీళ్ళ మీద. కొండంతా బూడిదే. నువ్వు భక్తుడి వేషంలో వెళ్ళు. తోడు తిర్సా వస్తుంది. యూదు మతగురువు, అదే రబ్బీ కూతురు, ఆచారాలన్నీ కొట్టినపిండి."

భయపడటంలో ఏజెంట్ ఇతియెల్‌కి డిపార్ట్‌మెంట్ గోల్డ్ మెడల్ ఉంది. మూడు దేశాల రేడియోలు వినే పెన్ను ఇచ్చారు. శనివారం సబ్బాతు, ఏ పనీ చెయ్యకూడదు, మీట కూడా నొక్కకూడదని మళ్ళీ లాక్కున్నారు.

శనివారం మధ్యాహ్నం సెటిల్మెంట్ పెద్ద ఎల్కానా ఇంట్లో గెర్షోన్‌కీ వీళ్ళిద్దరికీ భోజనం. ఇది సర్కారు భూమి, మాకిచ్చారు అని ఎల్కానా ఇరవై ఏళ్ళుగా కోర్టులో వాదిస్తున్నాడు. మా తాత గోధుమలు వేసిన చేను అని కింద ఊరి అబూ సుహైల్ అంతే గట్టిగా వాదిస్తున్నాడు.

అందరూ ఆచారం ప్రకారం చెంబుతో చేతులు కడుక్కున్నారు. ఇక రొట్టె కొరికేదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఈ ఒక్క నియమానికే చిన్నప్పుడు అమ్మమ్మ చేతిలో ఇతియెల్ వీపు చిరిగింది.

అతను తిర్సాకి తువ్వాలు అందించాడు.

"థాంక్స్," అందామె, సినిమా తారలా నవ్వి.

ఎల్కానా భార్య కనుబొమలు తలగుడ్డలోకి వెళ్ళిపోయాయి. ఇతియెల్ గుండె చప్పుడుకి పక్క కొండ మీద మేకలు బెదిరాయి. రబ్బీ కూతురైతే మాట్లాడదు. మరి ఈమె ఎవరు? నిన్న ఆమె కానుకగా తెచ్చిన వెండి గిన్నెలో ఉప్పుంది. ఎల్కానా గెర్షోన్ కోసం రొట్టె ముక్క అందులో అద్దబోతున్నాడు. బల్ల కింద ఇతియెల్ మోకాలికి చల్లగా తుపాకీ తగిలింది.

కదిలితే తను. కదలకపోతే గెర్షోన్.

"అద్దకండి, విషం," అని ఇతియెల్ గిన్నె కిటికీలోంచి విసిరి, బల్ల ఎత్తి తిర్సా మీద పడేశాడు. తుపాకీ పేలింది. గోడకి చిల్లు పడింది. బయటి కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆమెని పట్టుకున్నారు.

ఎల్కానా అప్పటికీ నోరు తెరవలేదు. నువ్వు మాట్లాడావు, మళ్ళీ కడుక్కో అన్నట్టు వేలితో చెంబు చూపించాడు.

ఆదివారం గెర్షోన్ టేపు పరిచాడు. ఉప్పు పడ్డచోట జానెడు గడ్డి మాడిపోయి ఉంది.

"ఇదెవరిది?"

"అదా... వాళ్ళదే అయ్యుంటుంది," అన్నాడు ఎల్కానా.

"మాకెందుకు నాయనా, నువ్వే ఉంచుకో," అన్నాడు అబూ సుహైల్.

ఇరవై ఏళ్ళలో ఇద్దరూ వద్దన్న మొదటి నేల అదే. ఎవరూ కొట్టుకోని చోటు కదా అని ఇతియెల్ వెళ్ళి దాని మీదే నిలబడ్డాడు.