నాలుగు నిమిషాల నలభై సెకన్లు

"ఒరిన్‌బాయ్ మాస్టారిని నిన్న చంపేశారు," అన్నాడు కర్నల్ కాసిమ్‌బెక్. "ఆయన పెన్‌డ్రైవ్ మాయం. జరీనా కూడా."

ఏజెంట్ దౌలెత్ కుర్చీలోంచి లేచాడు. జరీనా తోటి ఏజెంటు. వచ్చే నెలలో వాళ్ళిద్దరికీ పెళ్ళి.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎమ్యులేటర్. ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్‌ని అచ్చంగా అనుకరించే సాఫ్ట్‌వేర్. ఏ లాప్‌టాప్‌కి తగిలించినా పాత మెషీన్ లేచి కూర్చుంటుంది, పీకేస్తే ఆనవాలుండదు. ఆఫీసుకి రహస్య సంకేతాలు రాసే మాస్టారు తన పాత క్యాసెట్ ప్రోగ్రామ్‌ని అందులోకి ఎక్కించి, సరిహద్దు అవతలున్న మన ఏడుగురు గూఢచారుల పేర్లు దాచాడు.

"నీ పిల్ల అమ్ముడుపోయింది. కొనేవాడు రాస్క్, సరిహద్దు అవతలివాళ్ళ మనిషి. మధ్యాహ్నం, బజారు వెనక చాయ్‌ఖానా. పాత కంప్యూటర్లు నడిపే నిపుణుణ్ణి పిలిపించుకున్నాడు. అతను మన లాకప్‌లో ఉన్నాడు, అతని బదులు నువ్వెళ్తావ్. పేర్లు బయటికి పోకూడదు. సాయంత్రానికల్లా ఆ పిల్ల మిగలకూడదు." కర్నల్ ఒక ఫౌంటెన్ పెన్ ముందుకు తోశాడు. "మూతలో పొడి. టీలో కలిపితే పది నిమిషాలు. విరుగుడు లేదు."

దౌలెత్ గడ్డం అంటించుకుని వెళ్ళాడు.

"అల్మటీ యాపిల్స్ ఎలా ఉన్నాయి?" అడిగాడు రాస్క్.

"పురుగు పట్టాయి."

లాకప్‌లోని నిపుణుడి దగ్గర రాబట్టిన కోడ్ కలిసింది. జరీనా అతణ్ణి ఒక్క చూపులో పోల్చుకుంది. కెటిల్ అందుకుని అతని పియాలా అంచుదాకా నింపేసింది. ఇక్కడ అతిథికి సగమే పోస్తారు, నిండుగా పోస్తే తాగి దయచేయమని. దౌలెత్‌కి ఒళ్ళు మండింది. నన్నే వెళ్ళగొడుతుందా? ఆమె అటు తిరగగానే పెన్ మూతలోని పొడి ఆమె పియాలాలో ఒలికింది.

దౌలెత్ పెన్‌డ్రైవ్‌ని లాప్‌టాప్‌కి తగిలించగానే లోడింగ్ మొదలైంది. స్క్రీన్ అంచున రంగుచారలు, చెవులు చిల్లులు పడే కీచు.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల నలభై సెకన్లు. అప్పటి క్యాసెట్ వేగం."

"నా వల్ల కాదు," అంటూ రాస్క్ చెయ్యి చాపి లోడింగ్ వేగం పెంచే స్పీడ్ కీ నొక్కాడు.

జరీనా స్క్రీన్ వైపే చూస్తూ పియాలా ఎత్తింది. టీ తాగింది.

ఏడు పేర్లు పడ్డాయి. రాస్క్ వాటిని ఫోన్‌లోకి ఎక్కించసాగాడు. దౌలెత్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. బల్ల కింద జరీనా అతని కాలు గట్టిగా తొక్కింది. అప్పుడు చదివాడతను ఆ పేర్లు. మాస్టారి గోడమీది ఫొటోలోని పర్వతారోహకులు. ఏడుగురూ ముప్పై ఏళ్ళ కిందట మంచుచరియల కింద పోయారు.

రాస్క్ పేర్లు పంపేశాడు. ఇంకెవరికీ దక్కకూడదని పెన్‌డ్రైవ్‌ని మడమ కింద నలిపి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"తొందరపెడితే దొంగ లిస్టు చూపిస్తుంది," అంది జరీనా. "నాకొక్కదానికే చెప్పారు మాస్టారు. ఆయన్ని చంపింది వీళ్ళే. మన ఆఫీసులో వీళ్ళ మనిషెవరో తెలీదు, అందుకే ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్పాను కదయ్యా, నిండా పోసి! ప్రాణాలతో పొమ్మని." ఆమె పొట్ట పట్టుకుంది. ఖాళీ పియాలా వైపు చూసింది, తర్వాత అతని వైపు. "నువ్వా?"

దౌలెత్ ఆమెని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"లిస్టు?" అన్నాడు కర్నల్.

"భద్రం."

"ఆ పిల్ల?"

చేతుల్లో బరువు పెరిగింది.

"అయిపోయింది."

"శభాష్. చెప్పిన టైముకంటే ముందే ముగించావ్."

"అవును సార్," అన్నాడు దౌలెత్. "స్పీడ్ కీ నేనూ నొక్కాను."