పదకొండో వంతు

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు నర్సాపురం కృపాతీరం సంఘంలో యవ్వనస్తుల కూడిక మొదలైంది. ముందుగా ప్రార్థన మనవులు తూకం వేస్తున్నారు.

"ఎలీషా, లెక్కల పరీక్ష భయం, అర మోపు," అని చేతిలోని పలక చూసి చదివింది నాయకురాలు హెప్సిబా. "సుకీర్తన, స్నేహితురాలితో మాటల్లేవు, పావు మోపు. హనోకు, మొటిమలు..." పలకను మరోసారి దగ్గరగా చూసింది. "ఒకటిన్నర మోపులు. ఏరా, మొటిమలకి ఒకటిన్నరా?"

"మీ మొహం మీద లేవు కాబట్టి అలా అంటున్నారక్కా," అన్నాడు హనోకు.

అందరూ నవ్వారు. హెప్సిబా చివరి పేరు కాస్త గొంతు తగ్గించి చదివింది.

"కెజీయా, తమ్ముడు. నలభై నాలుగు మోపులు."

నవ్వు ఆగిపోయింది.

"పోయిన వారం కూడా నలభై నాలుగేగా," అంది జెమీమా.

"సారీ," అంది కెజీయా.

గుండ్రంగా కూర్చున్న పదకొండు మంది పిల్లలూ చెవి వెనక పంచుపట్టీలు సర్దుకున్నారు. హెప్సిబా పలక మీద మీట నొక్కింది. బిగుసుకున్న కెజీయా భుజాలు కొంచెం వదులయ్యాయి. మిగిలిన పది మొహాలూ ఒకేసారి వాడిపోయాయి.

పంచుపట్టీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మనిషి గుండెలోని బరువును మోపుల్లో కొలిచి, వలయంలో ఉన్నవాళ్ళందరికీ సమానంగా పంచడం దాని పని. బరువు మాత్రమే వెళుతుంది, దాని వెనక కథ వెళ్ళదు. ఆ తర్వాత లోకం బాగా సుఖపడింది. ఆఫీసుల్లో చావు సెలవు పది రోజుల నుంచి ఒక పూటకు దిగింది. చావింట్లో కాఫీ అడగడానికి మొహమాటం పోయింది. పంచదార సరిపోలేదని చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. ఒకరి బరువు ఒకరు మొయ్యాలని తరతరాలుగా గొంతు పోయేలా చెబుతున్న సంఘాలు, ఆ పని యంత్రం చేసిపెడతానంటే కాదనలేకపోయాయి. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాయి. తన బరువు చదవమన్నవాళ్ళదే చదవాలి. వద్దన్నవాళ్ళది పంచాలి కానీ, ఎవరిదో నాయకురాలు చచ్చినా చెప్పకూడదు. వెనకటికి పేరు రాయని చీటీని మనవుల పెట్టెలో వేసేవారు. అదే మర్యాద కొనసాగింది.

కెజీయా తమ్ముడు తొమ్మిదేళ్ళవాడు. మూడు నెలల కిందట పోటుకు సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పుడు కొట్టుకుపోయాడు. ఒకే చావుకు ఏడ్చేవాళ్ళు ఒకే వలయంలో ఉండి లాభం లేదు. ఇచ్చినంతా తిరిగి వస్తుంది. అందుకని అమ్మానాన్నలు తాము పనిచేసే ఐసు ఫ్యాక్టరీ వలయంలో చేరారు. పదహారేళ్ళ కెజీయా సంఘానికి వచ్చింది.

కూడిక అయ్యాక కెజీయా కుర్చీలు మడుస్తుంటే, మిగిలినవాళ్ళు హెప్సిబా చుట్టూ చేరారు.

"అక్కా, కెజీయా గురించి మాకు చాలా భారంగా ఉంది," అంది జెమీమా. సంఘంలో ఎవరినైనా పక్కకు తప్పించే మాట ఇలాగే మొదలవుతుంది.

"ఒక్కొక్కళ్ళకీ నాలుగు మోపులక్కా," అన్నాడు ఎలీషా. "మా ఇంట్లో ఎవరూ పోలేదు. నేనెందుకండీ బస్సులో ఏడవడం? కండక్టరు మా అమ్మకి ఫోన్ చేశాడు."

"వచ్చే శనివారం బైబిల్ క్విజ్," అంది జెమీమా. "యూదా రాజులందరూ నాకు వరసగా వచ్చు. నోరు తెరిస్తే ఏడుపొస్తోంది. పాలకొల్లువాళ్ళ వలయంలో అన్నీ నవ్వుమొహాలే. ఆయ్, అన్నీ."

"వెళ్ళగొట్టమని అనట్లేదక్కా మేము," అంది సుకీర్తన. "రానివ్వండి. కుర్చీ కూడా వేద్దాం. బరువొక్కటి రానివ్వకండి. ప్రేమతోనే అడుగుతున్నాం."

"ఒక్క వారం," అంది జెమీమా.

హెప్సిబా చెడ్డమనిషి కాదు. ఆరేళ్ళుగా క్విజ్ షీల్డు పాలకొల్లు సంఘం గోడ మీదే ఉంది. ఆ మాట పాస్టరుగారు ప్రతి ఏడూ ఆమెకు చిరునవ్వుతో గుర్తుచేస్తారు. ప్రతి పట్టీకీ రెండు తలుపులుంటాయి. ఇతరుల బరువు లోపలికి వచ్చేది రాకతలుపు, మన బరువు బయటికి వెళ్ళేది పోకతలుపు. హెప్సిబా పలక మీద కెజీయా పోకతలుపు మూసేసింది.

చెబుదామనే అనుకుంది. ఈలోగా కెజీయా కుర్చీలన్నీ పేర్చి వచ్చి, "ఇంకేమైనా పనుందా అక్కా?" అని అడిగింది. ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. దానికే తెలుస్తుందిలే అనుకుంది. పట్టీని తయారుచేసినవాళ్ళూ అలాగే అనుకున్నారు. పోకతలుపు మూస్తే దీపమో గంటో ఉండాలని వాళ్ళకు తోచలేదు. తన దుఃఖం తన మీద పడితే మనిషికి తెలియకుండా ఉంటుందా?

బుధవారం హెప్సిబా ఇంట్లో రొయ్యలు ఒలుచుకుంటుంటే కెజీయా వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"వందనాలక్కా. మన వలయంలో ఎవరికో ఏదో అయ్యింది."

"ఏమయ్యిందమ్మా?"

"తెలీదక్కా. శనివారం కూడికైన దగ్గర్నుంచీ ఉంది. అన్నం దిగట్లేదు. నిన్న స్కూల్లో మెట్లెక్కుతూ ఎక్కుతూ కూలబడిపోయాను. నాకొచ్చేది పదకొండో వంతే కదా. దానికే నేనిలా ఉంటే, అసలు మనిషి ఎలా ఉండుంటారు?"

హెప్సిబా చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

"పేరడగనులెండి. మీరు చెప్పకూడదని తెలుసు. కాస్త కనిపెట్టుకుని ఉండండక్కా. ఏమన్నా చేసుకుంటారేమోనని భయంగా ఉంది."

అది నీదేనమ్మా అని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కానీ ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పాలి. పదిమందీ కలిసి నీది నీకే వదిలేశారు, తలుపు వేసింది నేను. క్విజ్‌కి ఇంక మూడు రోజులే ఉన్నాయి.

"పోనీ, పట్టీ తీసేస్తావా?" అంది హెప్సిబా.

"అమ్మో, నా వంతు కూడా వాళ్ళ మీదే పడదూ? వద్దక్కా. మూడు నెలలు నాది అందరూ మోశారు. నాకు మొయ్యడం ఇప్పటికి కుదిరింది." కెజీయా నవ్వబోయింది కానీ, నవ్వు పూర్తి కాలేదు.

"ప్రార్థన చేసుకోమ్మా," అంది హెప్సిబా. ఏమీ చెప్పకుండా పంపడానికి అంతకన్నా మంచి మాట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

శనివారం జెమీమా యూదా రాజులందరినీ ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పింది. షీల్డు వచ్చింది. కెజీయా ఆఖరి వరసలో అందరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆగి ఆగి చప్పట్లు కొట్టింది.

సంఘానికి తిరిగొచ్చాక వరండాలో షీల్డు పట్టుకుని నిలబడ్డారు. "కెజీయా, ఫోటో నువ్వు తియ్యవే," అన్నాడు ఎలీషా. తీసింది. తీస్తూ పది మొహాలనూ ఒక్కొక్కటిగా చాలాసేపు చూసింది. "ఎంతసేపే, దవడలు నొప్పెడుతున్నాయి," అని అరిచాడు హనోకు.

హెప్సిబా పక్కకు వచ్చి పలక తీసింది. క్విజ్ అయిపోయింది, వారమూ అయిపోయింది. పోకతలుపు గుర్తు మీద బొటనవేలు పెట్టబోతుంటే, కెజీయా తిన్నగా జెమీమా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నువ్వే కదూ?" అంది మెల్లగా.

"ఏంటే?"

"అందరికన్నా ఎక్కువ నవ్వుతున్నావు. తమ్ముడు పోయినప్పుడు మా అమ్మ కూడా, వచ్చినవాళ్ళ ముందు ఇలాగే నవ్వేది. ఎవరికీ చెప్పన్లే. మీ నానమ్మ గురించేనా?"

జెమీమా నానమ్మ పోయి ఏడాది దాటింది. ఆ పూట స్కూలు మానేసి, మర్నాటికి మామూలైపోయింది. జెమీమా హెప్సిబా వైపు చూసింది. హెప్సిబా షీల్డు వైపు చూసింది.

"ఊఁ," అంది జెమీమా.

"ఎంత ప్రేమే నీకు!" కెజీయా కళ్ళు నిండిపోయాయి. "మా తమ్ముడప్పుడు నాకు ఇందులో పదో వంతు కూడా రాలేదు. వాణ్ణి చంకనేసుకుని పెంచాను. వాడంటే నాకు ప్రాణం అనుకున్నాను. కాదన్నమాట."

జెమీమా నోరు తెరిచింది. ఏదో చెప్పబోయిన మాట నిజమే. కానీ సోమవారం నుంచి పబ్లిక్ పరీక్షలు.

"పరీక్షలయ్యేదాకా మొయ్యవే, ప్లీజ్," అంది.

"మోస్తాగా. నువ్వు చదువుకో," అంది కెజీయా. జెమీమా కళ్ళు తుడవబోయి, అవి పొడిగా ఉండటం చూసి, తన కళ్ళే తుడుచుకుంది.

హెప్సిబా గుర్తు మీంచి వేలు తీసేసింది. ఆ సాయంత్రమే పాస్టరుగారికి నెలవారీ నివేదిక పంపాలి. కెజీయా పేరు ఎదురుగా ఆత్మీయ ఎదుగుదల అన్నచోట "ఇతరుల భారం మొయ్యడంలో అందరికీ మాదిరి" అని రాసింది. దాని కింద పట్టీ స్థితి అడిగే గడి ఉంది. కాసేపు ఆలోచించి, "పోకతలుపు మూసి ఉంది, మార్పు అవసరం లేదు" అని నింపింది.