సాంచాలు ఆగిన అరగంట

ఆ పొద్దు సిరిసిల్ల మీద మొగులు కమ్ముకుంది గానీ చినుకు రాలలేదు. ఒకటే ఉక్క. ఉదయం 8.10కే పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ అంజయ్య చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఎదురుగా బెంచీకి ఈ చివర మధుకర్, రికార్డింగ్ స్టూడియో ఓనర్. ఆ చివర అతని బామ్మర్ది హరీశ్. సాంచాలనే మరమగ్గాల మీద బతికినవాడు. సగం సాంచాలు మూతబడి, పని దొరక్క మస్కట్‌కు వీసా తీసుకున్నాడు. గురువారం ఫ్లైట్. కేసు బుక్కయితే ప్రయాణం బంద్.

"నా లాప్‌టాప్ ఎత్కపోయింది వీడే," అన్నాడు మధుకర్.

"ఎన్నింటికి?"

"నిన్న పొద్దుగాల తొమ్మిదిన్నరకు వీడు బయటికి నడిచిండు. చూస్తే బల్ల మీద లేదు."

"అండ్ల ఏముంది?"

హరీశ్ అందుకున్నాడు. "నా రెండేండ్ల పాటలు సార్. కీబోర్డు లెక్క వాయించే పాతకాలం అనలాగ్ సింథసైజర్ ఎట్ల మోగుతదో, అచ్చం గట్లనే మోగే సాఫ్ట్‌వేర్ ఉంది అండ్ల. ఒక్కో సౌండు నేనే చేసిన. బావ తన పేరేసుకొని డీజేలోళ్లకు ఇచ్చిండు. పోయేముందట నా పాటలు నాకియ్యమన్న. గంతే."

"దొంగకు పాటలు గూడనా?" మధుకర్ నవ్వాడు.

అంజయ్య ఆ నవ్వు చూశాడు. అతని వైపే తిరిగాడు.

"లాప్‌టాప్ పోయినంక నువ్వేం జేసినవ్?"

"అసలు సింథసైజర్ మిషన్ ఉంది కదా, పాతది. పదకొండు దాంక గదే వాయించుకుంట కూసున్న. ఎదురింటి పోశవ్వను అడుగు."

అంజయ్య అడగడానికే లేచాడు.

స్టూడియో గోడకు ఆనుకొని పదహారు సాంచాల కార్ఖానా. ఎదుటి అరుగు మీద పోశవ్వ బీడీలు చుడుతోంది.

"గట్టిగ మాట్లాడు కొడుకా. గీ మోతల నా మాట నాకే ఇనబడది."

అంజయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నిన్న స్టూడియోల పాట విన్నవా?"

"ఇన్న. బడిల ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడు. కిటికీ తెరిసి పెట్టిండు, మంచిగ ఇనబడ్డది."

"అప్పుడు కరెంటుండెనా?"

"నాకేం ఎరుక? తంబాకు ఎగిరిపోతదని నేను ఫ్యానే ఏసుకోను."

అంజయ్య తండ్రి ముప్పై ఏండ్లు సాంచాలు నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. అంజయ్య కాసేపు ఆ మోతలోనే నిలబడ్డాడు. తర్వాత స్టూడియోలోకి వెళ్లి పాత మిషన్ వైరు పట్టుకొని చూశాడు. అది నేరుగా గోడ ప్లగ్గులోకి పోయింది. 11.40కి కరెంటు సబ్‌స్టేషన్‌లో ఉన్నాడు.

12.50కి మళ్లీ అదే బెంచీ.

"ఇంటర్వెల్ గంట 10.40కి. పోశవ్వ పాట ఇన్నది నిజమే."

"నేను చెప్పలే?" మధుకర్ కాలు మీద కాలేసుకున్నాడు.

"పదహారు సాంచాలు కొట్టుకుంటుంటే ఎదురింటికి పాట ఎట్ల ఇనబడ్డది?"

మధుకర్ కాలు దించాడు.

"సాంచాలు ఆగినయ్ గనుక. 10.20 నుంచి 10.55 దాకా లైన్ పని, కరెంటు బంద్. సబ్‌స్టేషన్ రిజిస్టర్ల ఉంది. నీ స్టూడియోల ఇన్వర్టర్ లేదు. కరెంటు లేంది నీ పాత మిషన్ కుయ్యిమనది. మరి అదే గొంతు దేంట్ల నుంచి వచ్చింది?"

"అవ్వ ముసల్ది. ఏదో..."

"లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటది. తొమ్మిదిన్నరకు పోయింది, 10.40కి నీ ముందట ఎట్ల మోగింది?"

మధుకర్ ఇల్లు వెతకమని అంజయ్య మనిషిని పంపాడు.

కానిస్టేబుల్ వెంకటి మధుకర్ ఇంటికి పోయి 1.30కి తిరిగొచ్చాడు. అటక మీద, బొంతల నడుమ దొరికిందట. లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. వెనకే నవత, టిఫిన్ క్యారియర్‌తో. హరీశ్‌కు అక్క, మధుకర్‌కు భార్య.

"తప్పుడు కంప్లైంట్ ఇచ్చిండు. కేసు పెడుదామా?" అంజయ్య హరీశ్‌ను అడిగాడు.

హరీశ్ అక్క దిక్కు చూశాడు.

"నన్నెందుకు చూస్తవ్? నీ ఇష్టం," అంది నవత.

"నా పాటలు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకుంట సార్. కేసులకు తిరిగే టైమ్ లేదు. ఫ్లైట్ ఉంది."

"బామ్మర్దీ..." అన్నాడు మధుకర్.

"గట్ల పిలువకు."

నవత క్యారియర్ విప్పింది. తమ్ముడి కోసం తెచ్చిన పప్పన్నం. ఒక్కరికి సరిపోయేదాన్ని మూడు భాగాలు చేసింది. ఒక గిన్నె తమ్ముడి ముందు, ఒకటి మొగుడి ముందు పెట్టి, మూత తను తీసుకుంది.

ముగ్గురూ తిన్నారు. పప్పులో ఉప్పు పడలేదు. అయినా మెతుకు మిగల్లేదు.