పోయిన వారం పొరపాట్లు

నేను ఆ అమ్మాయి కంటపడిన మొదటి రోజే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాను. అదీ పొరపాట్ల కింద.

మా సేవా క్లబ్ ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి లైబ్రరీ మేడమీద హాల్లో సమావేశమవుతుంది. పాతిక కుర్చీలు, ఒక పొడుగాటి బల్ల, గోడకో గడియారం. రక్తదానం, మొక్కలు, ఆసుపత్రి వార్డుల్లో పుస్తకాలు చదివి వినిపించడం, అన్నిటి గురించీ మాట్లాడుకున్నాక ఎజెండాలో చివరి అంశం ఒకటుంటుంది: 'పోయిన వారం పొరపాట్లు'. ఎవరి తప్పు వాళ్ళే లేచి చెప్పుకోవాలి. దాన్ని ఎలా సరిదిద్దుకుంటారో కూడా చెప్పాలి. పుస్తకంలో రెండూ పక్కపక్క గడుల్లో రాస్తారు. ఇంకొకరి తప్పు ఎత్తిచూపడం మాత్రం కుదరదు.

ఇవేవీ నాకప్పుడు తెలియవు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. క్లబ్ వాళ్ళు పాత కళ్ళజోళ్ళు పోగుచేసి లేనివాళ్ళకి ఇస్తున్నారని, పవర్ చూసే మిషన్ పట్టుకెళ్ళి సాయం చేయమని మా ఓనరు పంపితే వెళ్ళాను.

తలుపు దగ్గరే ఆ అమ్మాయి ఆపింది. చేతిలో పెన్ను, ముక్కు మీద కోపం.

"ఆరు గంటల మూడు నిమిషాలు," అంది.

"నా వాచీలో సరిగ్గా ఆరండీ. మీ గోడ గడియారమే మూడు నిమిషాలు ముందుంది."

"అది మా నాన్నగారు పెట్టిన టైము."

"అయితే మీ నాన్నగారితోనే తేల్చుకుంటాను లెండి. ఎక్కడున్నారు?"

హాల్లో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక వరసలో ఫ్లాస్కులోంచి టీ పోస్తున్న పెద్దావిడ చెయ్యి కూడా ఆగింది. పక్కనున్నాయన నా చొక్కా పట్టి లాగి చెవిలో చెప్పాడు. ఇరవై రెండేళ్ళు ఈ క్లబ్‌కి సెక్రటరీగా ఉన్న ఆయన పోయి నాలుగు నెలలైందట. ఆ పుస్తకం ఇప్పుడు కూతురు రాస్తోందట. టీ పోస్తున్నావిడ ఆయన భార్య. గురువారం సాయంత్రం ఇంట్లో ఒక్కతే ఉండలేక కూతురి వెంట వస్తోందట.

భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. చివరి అంశం రాగానే లేచి నిలబడ్డాను.

"ఆలస్యంగా వచ్చాను. తెలియక అనకూడని మాట అన్నాను. వచ్చే వారం నుంచి మూడు నిమిషాలు ముందే వస్తాను."

"మరి మాట సంగతి?" అడిగారు ప్రెసిడెంటుగారు. ఆవిడ రిటైరైన నర్సు. ఆవిడ ప్రశ్న వేస్తే ఇంజెక్షన్‌కి చెయ్యి చాపినట్టే ఉంటుంది.

"ఆలోచించి మాట్లాడతానండీ."

సెక్రటరీ తల ఎత్తకుండా రాసుకుంది. "రెండోది కష్టమేమో," అని మాత్రం మెల్లిగా అంది.

ఆదివారాలు ఉదయంపూట ఆ పొడుగు బల్ల నాదీ, సెక్రటరీదీ. జనం డబ్బాలో వేసి వెళ్ళిన జోళ్ళని నేను సబ్బునీళ్ళతో కడిగి, తుడిచి, మిషన్ కింద పెట్టి పవర్ చదివేవాణ్ణి. తను చీటీ మీద రాసి దారంతో కట్టేది. బళ్ళో లెక్కల టీచరు. అంకెలు అచ్చుగుద్దినట్టు రాస్తుంది.

"మీకు మొహాలు గుర్తుండవటగా?" అడిగింది ఒక వానపూట.

"పవర్లు గుర్తుంటాయండీ. ప్రెసిడెంటుగారు ప్లస్ రెండున్నర. మొన్న నా చొక్కా లాగినాయన మైనస్ నాలుగు."

"మరి నేను?"

"మైనస్ ఒకటిన్నర. కానీ కొత్తవి వేయించుకోవాలి మీరు. గడియారం చూడాలంటే కళ్ళు చికిలిస్తారు."

"నన్ను అంత పరీక్షగా చూస్తున్నారా?"

"అది మా డ్యూటీ అండీ."

నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. బయట వాన జోరుగా కురుస్తోంది. నాలుగు నెలల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని వాళ్ళమ్మగారు తరవాతెప్పుడో చెప్పారు. నాకది తెలియకపోయినా ఆ నవ్వు వారమంతా నా వెంటే ఉంది. ఆ మరుసటి గురువారం నేను మూడు నిమిషాలు కాదు, అరగంట ముందు వెళ్ళాను.

ఆసుపత్రి ఆవరణలో జోళ్ళు పంచే క్యాంపు పెట్టిన ఆదివారం హడావుడి అంతా ఇంతా కాదు. మధ్యాహ్నం లోపల యాభై జోళ్ళు సిద్ధం కావాలి. తనని ఎవరో కిందికి పిలిస్తే వెళ్ళింది. ఆలోగా మిగిలినవి నేనే కడిగి, నేనే చీటీలు రాసి, పెట్టెలో సర్ది పంపించాను. చివరిది బల్ల అంచున ఉన్న పాత గోధుమరంగు ఫ్రేము. కుడి ప్లస్ రెండుంపావు, ఎడమ ప్లస్ మూడు. అంత తేడా ఉన్న జోడు అరుదుగా వస్తుంది కాబట్టి గుర్తుండిపోయింది.

గురువారం మీటింగు మొదలవక ముందే తను నా దగ్గరికి వచ్చింది.

"ఆ స్క్రూ బిగించారా?"

"ఏ స్క్రూ అండీ?"

"బిగించమని బల్ల మీద పెట్టానుగా. గోధుమరంగు ఫ్రేము. నాన్నగారిది."

"అది... క్యాంపుకి వెళ్ళిపోయిందండీ."

"కడిగారా?"

"కడిగాను."

"అద్దం మీద ఆయన వేలిముద్ర ఉండేది," అంది. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది. "తుడవొద్దని చెబుదామనుకున్నాను. ఇంతలో కిందికి పిలిచారు."

వెళ్ళి తన కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. చివరి అంశం వచ్చినప్పుడు నేను లేచి జరిగినదంతా చెప్పాను. ఎలా సరిదిద్దుతావని ప్రెసిడెంటుగారు అడిగారు.

"తెలియదండీ," అన్నాను.

ఆ పుస్తకంలో రెండో గడి ఖాళీగా ఉండిపోవడం అదే మొదటిసారట. మరి దీన్నెలా సరిదిద్దను? ఇచ్చింది తిరిగి అడగకూడదు, తీసుకున్నవాళ్ళ పేరు రాయకూడదు. అది క్లబ్ నియమం, పెట్టింది కూడా వాళ్ళ నాన్నగారే. సాయం తీసుకున్న మనిషి వీధిలో మనకి ఎదురైతే తల దించుకునే పరిస్థితి రాకూడదు, అసలు వాళ్ళెవరో మనకి తెలియకూడదు అనేవారట.

ఆ తరవాత మూడు ఆదివారాలు మా మధ్య అంకెలే తప్ప మాటల్లేవు. నేను ప్లస్ రెండు అంటే తను రాసేది. మైనస్ మూడు అంటే రాసేది. తనంటే నాకు ప్రాణమని ఆ మూడు వారాల్లోనే నాకు తెలిసివచ్చింది. ఆ మాట చెప్పుకునే మొహం మాత్రం లేకుండా పోయింది.

రోజూ భోజనం టైములో ఆసుపత్రికి వెళ్ళి కనపడినవాళ్ళ ముక్కులన్నీ చూస్తూ తిరిగాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కి అనుమానం వచ్చింది.

"రోజూ వస్తున్నావు. మీ పేషెంటెవరు?"

"నేనే అనుకోండి," అన్నాను. జాలిపడి వదిలేశాడు.

చివరికి లాండ్రీ వెనక గదిలో దొరికింది. దుప్పట్లు గుట్టలుగా పోసి ఉన్నాయి. వాటి మధ్య ఒక పెద్దమ్మ చిరుగులు కుడుతోంది. మొహానికి పెద్దదైన మగవాళ్ళ ఫ్రేము, గోధుమరంగు. నేను క్లబ్ మనిషినని చెప్పి, జోడు ఎలా ఉందని అడిగాను.

"నా ఉద్యోగం నిలబెట్టింది బాబూ. చూపు ఆనడం లేదు, ఇంక ఇంటికెళ్ళమన్నాడు మా సూపర్‌వైజరు. ఇప్పుడు చూడు, చీమ దూరేంత చిల్లయినా నా కన్ను తప్పించుకోలేదు."

తిరిగి ఇమ్మని అడగలేకపోయాను. షాపుకి వెళ్ళి అదే పవర్‌తో కొత్త జోడు చేశాను. ఆదివారం దాన్ని బల్ల మీద పెట్టి తనతో చెప్పాను. "ఎవరి దగ్గర ఉందో తెలిసిందండీ. మీరు ఊఁ అంటే ఇది ఆవిడకిచ్చి, అది తెచ్చేస్తాను."

"తిరిగి అడగకూడదని నియమం."

"నియమం మీ నాన్నగారిది. కళ్ళజోడూ మీ నాన్నగారిదే."

చాలాసేపు చీటీల దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నేనూ వస్తాను," అంది చివరికి.

మేం వెళ్ళేసరికి రేకుల మీద వాన మోగుతోంది. పెద్దమ్మ తల వంచుకుని కుడుతోంది. స్క్రూ వదులు కావడం వల్ల జోడు జారిపోతుంటే మణికట్టుతో పైకి తోసుకుంటోంది. గుమ్మంలో నిలబడి తను ఆ చెయ్యినే చూస్తోంది. వాళ్ళ నాన్నగారు కూడా అలాగే తోసుకునేవారని నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎవరు బాబూ ఈ అమ్మాయి?"

"మా క్లబ్ సెక్రటరీగారండీ."

"కూర్చో తల్లీ. నీకో మాట చెప్పాలి. ఇది పెట్టుకున్నప్పుడల్లా అనుకుంటాను, ఎవరిదోగాని, బాగా చదువుకున్న మనిషి అయ్యుంటాడని. ముక్కు దగ్గర ఎంత అరిగిపోయిందో. ఎలా ఉన్నాడాయన?"

"లేరండీ," అంది తను. "మా నాన్నగారు."

పెద్దమ్మ సూది పక్కన పెట్టింది. జోడు తీసి రెండు చేతులతో తనకి అందించింది. ఆవిడ బొటనవేలు అద్దం మీద నొక్కుకుని ఉంది. చెయ్యి తీసేసరికి అద్దం మీద వేలిముద్ర పడింది, స్పష్టంగా, గీతలతో సహా.

తను ఆ ముద్రని వెలుతురుకి పట్టి చూసింది. తుడవలేదు. జోడు మళ్ళీ ఆవిడ కళ్ళకి పెట్టి చెవుల వెనక సర్దింది.

"మీ దగ్గరే ఉండనివ్వండి," అంది. నా వైపు తిరిగి, "ఆ స్క్రూ బిగించండి," అంది.

జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఆవిడ మొహం మీద జోడు ఉండగానే బిగించాను. కొత్త జోడు కూడా ఉంచుకోమంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నాకున్నవి రెండే కళ్ళు బాబూ. ఇంకెవరికైనా ఇవ్వండి."

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరికీ ఒకటే గొడుగు. సగం దారిలో తను ఆగి ఏడవడం మొదలుపెట్టింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నాన్న పోయిన రోజు కూడా ఇలా ఏడవలేదండీ, అంది కాసేపయ్యాక. ఆ వేళ నా ఒక భుజం వానకి పూర్తిగా తడిసింది, రెండోది తన కన్నీళ్ళకి.

గురువారం వచ్చింది. చివరి అంశం రాగానే నా ఖాళీ గడి నింపుకోవాలని లేవబోయాను. నాకంటే ముందు తనే లేచింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నాదొక పొరపాటు ఉందండీ. బల్ల మీద వస్తువు పెట్టి చీటీ కట్టకుండా వెళ్ళింది నేను. ఆ కోపం ఇంకొకరి మీద చూపించాను. మంచి మనిషితో మూడు వారాలు మాట్లాడకుండా ఉన్నాను."

"ఎలా సరిదిద్దుకుంటావమ్మా?" ప్రెసిడెంటుగారు అలవాటుగా అడిగారు.

తను గోడ గడియారం వైపు చూసింది. ఈసారి కళ్ళు చికిలించలేదు, తన పవర్‌కి నేను వేయించిన కొత్త జోడు పెట్టుకుంది మరి.

"ఆయన ఒప్పుకుంటే జీవితాంతం మాట్లాడతాను," అంది.

హాలంతా నా వైపు తిరిగింది. ఆలోచించి మాట్లాడతానని నేనా పుస్తకంలో మాటిచ్చినవాణ్ణి. కానీ దీనికి ఆలోచించడానికేముంది?

"ఒప్పుకుంటానండీ," అన్నాను. "నేను అడుగుదామని నెల రోజులుగా అరగంట ముందు వస్తున్నాను. ధైర్యం మాత్రం రోజూ ఆలస్యంగానే వస్తోంది."

"సభ్యులకెవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు ప్రెసిడెంటుగారు, మూతి బిగించి నవ్వాపుకుంటూ.

అందరూ వెనక వరస వైపు చూశారు. వాళ్ళమ్మగారు ఫ్లాస్కు మూత నిదానంగా బిగించి కింద పెట్టారు. కళ్ళు ఒత్తుకున్నారు.

"ఇలాంటివి నోటిమాటగా వదిలేసేవారు కాదు ఆయన," అన్నారు. "పుస్తకంలో ఎక్కించండి బాబూ. మా అమ్మాయి తన గురించి తను రాసుకోకూడదుగా, మీరు రాయండి."

పుస్తకం నా ముందుకు వచ్చింది. పై పేజీల్లో ఆయన దస్తూరీ, ఆ కింద తనది. నా ఖాళీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో 'స్క్రూ బిగించాను' అని రాసి, తను చెప్పిన రెండు మాటలూ రెండు గడుల్లో పొందిగ్గా రాశాను. సమావేశం ముగిసిన టైము కూడా వెయ్యాలి. నా వాచీలో ఏడుంపావు.

నేను తల ఎత్తి గోడ గడియారం చూసి, ఏడు గంటల పద్ధెనిమిది నిమిషాలు అని రాశాను.